తొమ్మిదో సీసా ఎవరి బ్యాగులో?

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

థ్యాంక్స్ గివింగ్ సెలవులకి నాలుగు కుటుంబాలు కలిసి టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్‌కి వెళ్తున్నాయి. 5 రాత్రులు, మెక్సికోలో కోజుమెల్ చూసి రావడం. భార్యాభర్తలు ఎనిమిది మంది, పిల్లలు ఆరుగురు, విజిటర్ వీసా మీద వచ్చి ఉన్న ఈమె అత్తగారు. ఈమె, భర్త, ఏడేళ్ల బాబు, అత్తగారు నలుగురూ ఒకే క్యాబిన్‌లో.

ఏర్పాట్లన్నీ చూస్తున్నది భర్తకి ఇంజనీరింగ్ కాలేజీలో సీనియర్. అందరూ ‘అన్న’ అనే అంటారు. ఈమె భర్త అమెరికా వచ్చిన కొత్తలో ఉద్యోగం పోతే నాలుగు నెలలు వాళ్ళింట్లో పెట్టుకుని, రెజ్యుమే దిద్ది, ఇంకో ఉద్యోగం దొరికేదాకా చూసుకున్నది ఆయనే. ఆ అన్న ఈ ట్రిప్పుకి ఒక ఎక్సెల్ షీట్ చేశాడు. అందులో ‘వైన్’ అని ఒక ట్యాబ్. 21 దాటిన ప్రతి ఒక్కరూ ఎక్కేరోజు 750 ఎం.ఎల్. వైన్ సీసా ఒకటి వెంట తెచ్చుకోవచ్చని ఆ ఓడవాళ్ళ రూలు. పెద్దవాళ్ళు తొమ్మిది మంది కాబట్టి తొమ్మిది సీసాలు. తొమ్మిదో వరుసలో ‘ఆంటీ – రెడ్’ అని ఉంది.

ఆంటీ అంటే అత్తగారు. ఇది కార్తీక మాసం. ఆవిడ ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా ముట్టడం లేదు. ఈమె అభ్యంతరం చెప్తే భర్త, ‘అమ్మకి చెప్పడం ఎందుకు, శాలువాలో చుట్టి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టేస్తే సరిపోతుంది, ఒక్క సీసాయే కదా’ అన్నాడట. దాని మీద అన్న ఇంకో ఐడియా కూడా ఇచ్చాడు: మౌత్‌వాష్ సీసాలో రమ్ పోసి, పైన రంగు కలిపి, వీళ్ళ సూట్‌కేసులో పెడదామని. పెద్దావిడ ఉన్న క్యాబిన్ సామాను ఎవరూ చూడరని ఆయన నమ్మకం. వైన్ ఖర్చు, కార్కేజ్ ఖర్చు అన్నీ స్ప్లిట్‌వైజ్ అనే ఖర్చులు పంచుకునే యాప్‌లో వేసి నాలుగు కుటుంబాలకీ సమానంగా పంచుతారట. ఈమె తాగరు. ఇంకో కుటుంబంలో భర్త డాక్టర్ చెప్పాక రెండేళ్లుగా మానేశాడు. గ్రూప్ కాల్‌లో ఈ లెక్క వచ్చినప్పుడు అతను వీడియో ఆపేసుకుని ఏమీ మాట్లాడలేదని ఈమె గమనించారు.

‘నేను మరీ ఛాదస్తంగా ఆలోచిస్తున్నానా? నోరు మూసుకుని ఊరుకోనా? ట్రిప్పే మానేయనా?’ అని అడుగుతున్నారు. చివర ఒక వాక్యం ఉంది: ‘అత్తయ్య మాత్రం నన్ను ఒక్కటే అడిగారు, పౌర్ణమి ఓడలోనే వస్తోంది కదా, సముద్రంలో దీపం వదలనిస్తారా అని.’

అమ్మా,

ముందు మీవైపు నుంచి కాకుండా అన్న వైపు నుంచి మొదలుపెడతాను, కోపం తెచ్చుకోకండి. రూలు ప్రకారం చూస్తే ఆయన షీటులో తప్పు లేదు. తాగని మనిషి సీసా తేకూడదని ఎక్కడా రాసి ఉండదు. రూలు వయసు చూస్తుంది గానీ అలవాటు చూడదు. అత్తగారి పేరు మీద ఒక సీసా ఎక్కితే ఓడవాళ్ళకి ఏ అభ్యంతరమూ ఉండదు. విజిటర్ వీసా మీద ఉన్నావిడ కదా, ఏమన్నా అవుతుందేమో అని మీరు రాశారు. కోటా లోపల ఉన్న సీసా వల్ల వీసాకి వచ్చే ముప్పేమీ లేదు. ఆ భయం పక్కన పెట్టేయండి. మీ అభ్యంతరానికి అది కారణం కాదు, మీ ఆయనతో మాట్లాడేటప్పుడు అది వాడకండి కూడా. వాడితే ఆయన గూగుల్ చేసి రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు, దాంతోపాటు మీ అసలు మాట కూడా కొట్టుకుపోతుంది.

ఇక ఈ కార్కేజ్ ఏమిటో తెలియక మీ టెన్షన్ సగం పెరిగినట్టుంది. కార్క్ అంటే బిరడా. మనం తెచ్చుకున్న సీసాకి వాళ్ళు బిరడా తీసి, గ్లాసులు పెట్టి, పోసి, కడుక్కున్నందుకు తీసుకునే డబ్బు. బిరడా కూలీ అనుకోండి. ఫంక్షన్ హాల్ వాళ్ళు బయటి క్యాటరింగ్ తెచ్చుకుంటే వేరే డబ్బు అడగరూ, అలాంటిదే. వాళ్ళ దగ్గర కొననందుకు ఆ డబ్బు. మరమూత సీసాకి బిరడా ఉండదు కదా అని వాదించి లాభం లేదు, దానికీ అంతే.

కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. మీరు రాసిన తలకొక సీసా పద్ధతి కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి వాళ్ళది. నార్వీజియన్ వాళ్ళు ఎన్ని సీసాలైనా తెచ్చుకోమంటారు గానీ ఎక్కేటప్పుడే మామూలు సీసాకి 15 డాలర్లు, పెద్ద సీసాకి 30 డాలర్లు వసూలు చేసేస్తూ వచ్చారు, మీరు తాగినా తాగకపోయినా. డిస్నీ ఓడల్లో పెద్దవాళ్ళకి తలకి రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు తెచ్చుకోనిస్తూ వచ్చారు, అదీ ప్రతి రేవులోనూ. ఈ రేట్లు, షరతులు మారుతూ ఉంటాయి. అన్న షీటు కాదు, మీ బుకింగ్‌తో వచ్చిన కాగితం చూడండి. మీ పద్ధతి ఉన్న చాలా ఓడల్లో క్యాబిన్‌లో తాగితే ఏమీ కట్టక్కర్లేదు. డైనింగ్ హాల్‌కో బార్‌కో పట్టుకెళ్తేనే సీసాకి ఓ 15 డాలర్లో 20 డాలర్లో పడుతుంది. సీసా మాత్రం చేతిలో పట్టుకెళ్లే బ్యాగులోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసులో పెట్టకూడదు.

ఆ ఆఖరి ముక్క మావారు చదవలేదు. కొన్నేళ్ల కింద మేము ఫ్లోరిడాలో ఓడ ఎక్కాం. ఆయన ఒక సీసాని స్నానం తువ్వాల్లో చుట్టి పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టారు. పెద్ద సామాను రేవులోనే పోర్టర్లకి ఇచ్చేస్తాం కదా, సాయంత్రానికి క్యాబిన్ గుమ్మాల ముందు పెడతారు. వరండాలో అందరి పెట్టెలూ వచ్చాయి, మాది రాలేదు. నా బి.పి. మాత్రలు, రాత్రి భోజనానికి కట్టుకోవాల్సిన చీర అందులోనే ఉన్నాయి. తొమ్మిదింటికి తలుపు కింద నుంచి ఒక చీటీ వచ్చింది, ఫలానా డెక్‌కి రమ్మని. లిఫ్టు దిగి వెళ్తే అక్కడ క్యూ. ఒకాయన పక్కన ఇస్త్రీపెట్టె, ఇంకొకాయన పక్కన కెటిల్. మన తెలుగావిడే ఒకరు రైస్ కుక్కర్ పక్కన తలొంచుకుని నుంచుంది. నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు ‘మీదేంటండీ?’ అంది. వైన్ అనడానికి నాకు నోరు రాలేదు. ‘ఇస్త్రీపెట్టె’ అన్నాను. నిమిషం తర్వాత ఆవిడ ముందే ఉద్యోగి తువ్వాలు విప్పాడు. ఆ 5 రాత్రులూ ఆవిడ బఫేలో కనిపించినప్పుడల్లా నేను పెరుగు గిన్నె వైపు చూస్తూ దాటుకున్నాను.

ఈ సోదంతా ఎందుకు చెప్పానంటే, సీసా ఉందని నాకు ముందే తెలుసు. నాకు దాని మీద పట్టింపు కూడా లేదు, పండక్కి అరగ్లాసు నేనూ తీసుకుంటాను. అయినా ముక్కూ మొహం తెలియని మనిషి ముందు తల ఎత్తలేకపోయాను. మీ అత్తగారికి అసలు తెలియదు.

గాల్వెస్టన్ టెర్మినల్‌లో ఎలా జరుగుతుందో ఊహించండి. హ్యాండ్‌బ్యాగు బెల్టు మీద వెళ్తుంది. తెర మీద సీసా కనిపిస్తుంది, కనిపించాలి కూడా, అది దాచే వస్తువు కాదు. అక్కడి ఉద్యోగి శాలువా విప్పి సీసా పైకెత్తి ‘ఇది మీదేనా మేడమ్?’ అంటాడు. ఆవిడ ‘నో నో’ అంటుంది. నిజమే చెప్తుంది పాపం. మీ ఆయన వెనక నుంచి ‘యెస్ యెస్, మై మదర్’ అంటూ ముందుకొస్తాడు. జరిమానా ఉండదు, ఎవరూ గొడవ చేయరు, సీసా మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చేస్తారు. అదే సీసా ఇంతసేపూ తన కుంకుమ భరిణె పక్కన ఉందని ఆవిడకి అప్పుడు తెలుస్తుంది. కొడుకు పెట్టాడని, కోడలికి తెలుసనీ తెలుస్తుంది. ఎదురుగా పధ్నాలుగు మంది ఉంటారు కాబట్టి ఆవిడ ఏమీ అనదు. 5 రాత్రులు ఏమీ అనదు. ఇండియా వెళ్లాక కూడా అనదేమో.

అందుకని చెప్పకుండా పెట్టడం అనే దారిని నేను దారిగా లెక్కపెట్టడం లేదు. మిగిలినవి చూద్దాం.

ఒకటి, చెప్పి పెట్టడం. మీ ఆయన వాళ్ళమ్మ దగ్గర కూర్చుని, ఇలా ఒక సీసా నీ పేరు మీద తేవాలమ్మా అని అడగొచ్చు. ఆవిడ ‘నాదేం పోయింది, తే’ అనొచ్చు. పెద్దవాళ్ళ గురించి మనం ఊహించుకునే పట్టింపులు కొన్ని మన పట్టింపులే. కానీ కార్తీక మాసంలో, కొడుకింట్లో, కొడుకు టికెట్ కొన్న ట్రిప్పుకి కొడుకే అడిగితే ఆవిడకి కాదనే వీలు ఎంత ఉందో కూడా చూసుకోండి. అడిగేది ఆయనే అయితే మాట ఇలా ఉంటే మంచిది: ‘వద్దంటే ఏ ఇబ్బందీ లేదు, ఇంకా అన్నకి ఏమీ చెప్పలేదు.’ ఆవిడ అరక్షణం ఆగినా దాన్ని వద్దు కిందే లెక్క వేయాలి. ఆ ఆగడం ఆయనకి కనిపించదని అనిపిస్తే అసలు అడగకపోవడమే నయం.

రెండు, షీటులోంచి ఆవిడ పేరు తీసేయించడం. ఇక్కడ డబ్బు లెక్క ఒకసారి చూడండి, మీ ఆయనకి కూడా చూపించండి. కాస్ట్‌కోలో 10 డాలర్ల సీసా కొని, డైనింగ్ హాల్లో 15 డాలర్లు కార్కేజ్ కట్టారనుకుందాం, 25 అయింది. ఓడలోనే 40 డాలర్ల సీసా కొంటే టిప్పు 18 శాతం కలిపి 47 అవుతుంది. తొమ్మిదో సీసా వల్ల మొత్తం గ్రూపుకి మిగిలేది 22 డాలర్లు. కుటుంబానికి ఐదున్నర. క్యాబిన్‌లోనే తాగి కార్కేజ్ మిగుల్చుకుంటే ఇంకాస్త, తొమ్మిది డాలర్ల చిల్లర. అన్న లెక్కలో అర్థం లేదని నేను అనను. ఓడలో గ్లాసు 12 డాలర్లు, టిప్పుతో 14 దాటుతుంది. సీసాకి ఐదు గ్లాసులు వస్తాయి, మన సీసా అయితే కార్కేజ్ కట్టినా గ్లాసు 5 డాలర్లకే పడుతుంది. తెచ్చుకోవడం లాభమే. మీ గ్రూపులో తాగేవాళ్ళు ఆరుగురు, రాత్రులు ఐదు. ఆ ఆరుగురూ తమ తమ సీసాలు ఆరు తెచ్చుకుంటే 30 గ్లాసులు, రోజూ మనిషికి ఒకటి సరిగ్గా సరిపోతుంది. తాగని ముగ్గురి సీసాలూ కలిపితే రోజుకి ఇంకో అరగ్లాసు. ఆ అరగ్లాసు కోసం ఒక ఎక్సెల్ ట్యాబ్, మీ ఇంట్లో వారం రోజుల మౌనం.

పేరు తీయమని చెప్పేటప్పుడు కారణం చెప్పొద్దని మీ ఆయనకి చెప్పండి. ‘అన్నా, అమ్మ పేరు తీసెయ్, ఎనిమిదికి చూసుకుందాం’ అంటే చాలు. కార్తీక మాసం, ఉపవాసం అని మొదలుపెడితే అన్న ‘ద్రాక్షరసమే కదరా’ అని జోకేస్తాడు. మీ ఆయన నవ్వుతాడు. నవ్వాక ఇక గట్టిగా ఏం మాట్లాడతాడు? కారణం అడిగితే ‘ఊరికే, వద్దనుకున్నాం’ అనాలి. ఒక రోజు వెక్కిరింపు ఉంటుంది, పడాలి.

మూడోది, మీ ఆయనకి అన్న దగ్గర నోరు రాకపోతే పనికొచ్చేది. తొమ్మిదో సీసా ఓడలోనే కొని మొదటి రాత్రి టేబుల్ మీద పెట్టడం. ‘ఇది అమ్మ తరఫున కాదన్నా, నా తరఫున.’ 47 డాలర్లతో అన్న షీటులో తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది. ఇందులో చిక్కు ఏమిటంటే, మొహమాటానికి డబ్బు కట్టడం అలవాటైతే వచ్చే ట్రిప్పుకి రేటు పెరుగుతుంది. అయినా ఆ నాలుగు నెలల అన్నం బాకీ మీ ఆయన మనసులో ఎంత బరువుగా ఉందో మీకు తెలుసు, నాకు తెలియదు. ఆ బాకీ తీర్చుకోవడానికి ఆయన సొంత సీసా కొంటే నాకు మర్యాదగానే అనిపిస్తుంది. వాళ్ళమ్మ బ్యాగుతో తీర్చడమే బాగాలేదు.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. ఎనిమిది మందిలో మీరూ ఉన్నారు. మీరు తాగరు. మీ పేరు మీద ఒక సీసా ఉంది. దాని గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీకు ఫర్వాలేదా? ఫర్వాలేదనుకుంటే మంచిదే, ఆ మాట మీ ఆయనకి చెప్పండి, ‘నా కోటా వాడుకోండి, అత్తయ్యది వద్దు’ అంటే బేరం తేలికవుతుంది. ఇబ్బంది ఉంటే మాత్రం అది మీ పేరుతోనే చెప్పండి. మూడు పేజీల్లో ‘అత్తయ్యకి బాధ’ అని ఆరుసార్లు రాశారు, ‘నాకు ఇష్టం లేదు’ అని ఒక్కసారి కూడా రాయలేదు. ఈ తాగుళ్ళ మీద మీకున్న చిరాకంతా అత్తగారి కార్తీకం వెనక నిలబడి మాట్లాడుతోందేమో చూసుకోండి. అలా అయితే మీ ఆయన కార్తీకానికి జవాబు చెప్తాడు గానీ మీకు చెప్పడు.

రమ్ సంగతి వేరు. ఇక్కడ బేరం లేదు. వైన్‌కి కోటా ఉంది, రమ్‌కీ విస్కీకీ లేదు. ఎక్స్‌రేలో పట్టుకుంటే పారబోస్తారు, తిరిగివ్వరు. ఓడ ఎక్కనివ్వకుండా ఆపే హక్కు కూడా వాళ్ళ షరతుల్లో రాసి ఉంటుంది. మౌత్‌వాష్ ఎత్తు ఓడవాళ్ళకి పాతదే. సూట్‌కేసు మీద ట్యాగ్ ఉంటుంది, దాని మీద పేరు, క్యాబిన్ నంబరు ఉంటాయి. పిలిచేది అన్నని కాదు, మిమ్మల్ని. సరే, పట్టుకోలేదనే అనుకుందాం. మీ క్యాబిన్‌లో ఏడేళ్ల పిల్లాడున్నాడు. పొద్దున్నే పళ్ళు తోముకుని బాత్రూంలో కనిపించిన మౌత్‌వాష్ మూత తీసి నోట్లో పోసుకుంటాడు. ఈ ఒక్క వాక్యం మీ ఆయనకి చెప్పండి, ఇంక వాదన అవసరం ఉండదు. ఒప్పుకోకపోతే ఆ సూట్‌కేసు మీరే సర్దండి, తాళం మీ దగ్గర పెట్టుకోండి.

డబ్బు పంపకం గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు, చిల్లర మనుషుల్లా కనిపిస్తామేమో అని. కనిపించరు. స్ప్లిట్‌వైజ్‌లో ఇంకో గ్రూపు పెట్టడానికి అరనిమిషం పడుతుంది, ‘వైన్’ అని, తాగే ఆరుగురితో. మీ ఆయన అందులో ఉంటాడు, మీరు ఉండరు. ఇంకో చిన్న సంగతి: ఓడలో నగదు నడవదు, క్యాబిన్ కార్డే అన్నింటికీ. డైనింగ్ హాల్లో వెయిటర్ సీసా తీస్తూ ఎవరి కార్డు చేతికి వస్తే దాని మీదే కార్కేజ్ వేస్తాడు. టేబుల్ చివర కూర్చున్న మొహమాటస్తుడి కార్డు మీద 5 రాత్రుల కూలీ పడటం మామూలే. ముందే ఒక కార్డు అనుకోండి. మధ్యలో ఎవరైనా ‘డ్రింక్స్ ప్యాకేజీ కొనేద్దాం’ అంటే మాత్రం చెవి అటు వేయండి. ఒకళ్ళు కొంటే ఆ క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్ళందరూ కొనాలనే నియమం కొన్ని కంపెనీలది. మీ క్యాబిన్‌లో పెద్దవాళ్ళు ముగ్గురు.

కార్కేజ్ మిగుల్చుకోవడానికి క్యాబిన్‌లో కూర్చుందాం అంటారు, అదీ మాట్లాడుకోండి. ఎవరి క్యాబిన్? పెద్దావిడ, పిల్లాడు పడుకునే గది కాకూడదని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండేళ్లుగా మానేసిన ఆ స్నేహితుడి గురించి నాకు మీ గురించి కన్నా ఎక్కువ దిగులుగా ఉంది. డాక్టర్ చెప్పి మానేసిన మనిషి చేత సీసా మోయించడం, రాత్రి అదే టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. ఆయన తరఫున మీరు మాట్లాడొద్దు, ఆయన ఆరోగ్యం ఆయన చెప్పుకోవాలి. మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ఆయన ‘అమ్మ పేరు తీసెయ్’ అన్నప్పుడు దానికి ‘తాగని వాళ్ళ పేర్లు తీసేద్దాం, ఆరే ఉంచుదాం’ అని కలిపితే ఆయన పేరు కూడా ఎవరి నోటా రాకుండా పోతుంది. ఆ వీడియో ఆపేసుకున్న మనిషి మీకు థ్యాంక్స్ చెప్పడు, ఎదురుచూడకండి.

తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క ఇంకోసారి వస్తుంది, ఇప్పుడే తెలుసుకుంటే మంచిది. కోజుమెల్‌లో టెకీలా చవక. రేవులో కొన్న సీసాలు ఓడవాళ్ళు తీసుకుని దాచి, చివర్లో ఇస్తారు. అమెరికాలోకి సుంకం లేకుండా 21 దాటిన మనిషికి మామూలుగా ఒక లీటరు. గాల్వెస్టన్‌లో దిగాక టెక్సస్ రాష్ట్రం పన్ను వేరే వసూలు చేస్తుంది. ‘ఆంటీ లీటరు ఖాళీగా ఉంది కదా’ అని అన్న తప్పకుండా అంటాడు. అప్పుడు ఆవిడ కస్టమ్స్ అధికారి ముందు నిలబడాలి, ఏం తెచ్చారంటే తన నోటితో చెప్పాలి. ‘అమ్మ పేరు తీసెయ్’ అన్న మాట రెండువైపులా వర్తిస్తుందని మీ ఆయన్ని ముందే అనుకోమనండి.

ట్రిప్పు మానేయనా అన్నారు. మానేయొచ్చు, థ్యాంక్స్ గివింగ్ దగ్గర పడ్డాక రద్దు చేసుకుంటే డబ్బు చాలావరకు పోతుంది, పిల్లాడు ఏడుస్తాడు. అవి తట్టుకోవచ్చు. కారణం మాత్రం అత్తగారి ఖాతాలో పడుతుంది: ‘ఆంటీ వల్ల వాళ్ళు రాలేదు.’ దానికన్నా అన్న ముందు ఒక్క వాక్యం చెప్పడమే చవక అని నా లెక్క. మీ లెక్క వేరుగా ఉండొచ్చు.

ఇక మీ ఉత్తరంలో మీ అత్తగారు మాట్లాడిన ఒకే ఒక్క మాట. దానికి ఎవరూ జవాబు చెప్పినట్టు లేదు.

దీపం వదలనివ్వరమ్మా. ఓడ మీద నుంచి సముద్రంలోకి ఏదీ విసరకూడదు, ఆకుదొన్నె కూడా. కొవ్వొత్తులు, అగరొత్తులు ఓడలోకే తేనివ్వరు. నిప్పంటే వాళ్ళకి ఎంత భయమో ఆ క్యూలో ఇస్త్రీపెట్టెలు చూస్తేనే తెలుస్తుంది. మీ పెట్టెలో ఒత్తులు, నేతి సీసా, అగ్గిపెట్టె ఉంటే అవి కూడా రమ్ వెళ్లే గదికే వెళ్లొచ్చు. కాబట్టి ఇది ఆవిడకి ముందే చెప్పండి, టెర్మినల్‌లో తెలియకూడదు. 365 ఒత్తులు ఇంట్లో వెలిగించుకుని బయలుదేరతారో, తిరిగొచ్చాక మాసం వెళ్లేలోపు వెలిగిస్తారో ఆవిణ్ణే అడగండి, వాళ్ళకి ఇలాంటివాటికి సర్దుబాట్లు మనకన్నా ఎక్కువ తెలుసు. డాలర్ స్టోర్‌లో బ్యాటరీతో వెలిగే చిన్న దీపాల ప్యాకెట్ దొరుకుతుంది, అది బ్యాగులో పెడితే ఎవరూ ఏమీ అనరు. ‘ఇదేం దీపమే’ అంటారు, అననివ్వండి, తీసుకెళ్ళండి.

పౌర్ణమి రోజు ఆవిడ ఉపవాసం ఉంటారనుకుంటాను, చంద్రుణ్ణి చూశాక భోజనం. ఓడల్లో డైనింగ్‌కి వేళలుంటాయి, తొందరగా తినే బ్యాచ్‌లో మీకు టేబుల్ ఇచ్చి ఉంటే మార్పించుకోండి. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం సంగతి బుకింగ్‌లో ఇప్పుడే రాయించండి, జైన భోజనం అని అడిగితే వాళ్ళకి తొందరగా అర్థమవుతుంది. ఎక్కిన రోజే హెడ్ వెయిటర్‌తో కూడా చెప్పండి, చాలా ఓడల్లో ఆయన మన దేశం వాడే అయ్యుంటాడు. నవంబరులో చీకటి పడేవేళకే నిండు చంద్రుడు నీళ్ళలోంచి లేస్తాడు. ఏ వైపు కనిపిస్తాడో అక్కడి సిబ్బందిని అడిగి, ఆవిణ్ణి పై డెక్ మీదికి తీసుకెళ్ళండి. గాలి ఎక్కువగా ఉంటుంది, ఆ శాలువా అప్పుడు కావాలి.